మిగిలిన రొయ్యల మేత బర్రెలకు పెట్టొచ్చా? మ్యాడ్ కౌ జబ్బు ఎలా వస్తుంది, ఎలా ఆగుతుంది?

మీరు అడిగింది ముందు పొట్టిగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర మీకు ఆరు బర్రెలు, రెండు జెర్సీ సంకర ఆవులు ఉన్నాయి. పక్కవాళ్లు చెరువు పట్టేశాక మిగిలిన రొయ్యల మేత నాలుగు సంచులు తక్కువ ధరకు తెచ్చుకుని, వారం రోజులుగా దాణాలో కలుపుతున్నారు. సంచి మీద ‘మీట్ అండ్ బోన్ మీల్’ అని, అంటే మాంసం ఎముకల పొడి ఉందని, రాసి ఉంది. ఈలోగా, ఈని ఇరవై రోజులైన బర్రె ఒకటి వణుకుతోంది, వెనక కాళ్లు తడబడుతున్నాయి, పళ్లు కొరుకుతోంది, పాలు సగానికి పడిపోయాయి. ఇది మ్యాడ్ కౌ జబ్బేనా, ఆ మేత పెట్టొచ్చా, ఇంట్లో పిల్లలకు ఆ పాలు పోయొచ్చా, ఒంగోలు జాతికి ఈ జబ్బు రాదన్న మాట నిజమేనా అని అడిగారు.

మేత ఈ పూట నుంచే ఆపండి. కానీ బర్రె జబ్బుకూ మ్యాడ్ కౌకూ సంబంధం లేదు. మ్యాడ్ కౌ, అంటే బీఎస్‌ఈ, మేతలో లోపలికి వెళ్లిన తర్వాత బయటపడటానికి సగటున నాలుగైదేళ్లు పడుతుంది. బ్రిటన్‌లో లక్షా ఎనభై వేలకు పైగా పశువులకు వచ్చినప్పుడు కూడా జబ్బు కనిపించిన అతి చిన్న పశువు వయసు 20 నెలలు. వారం కింద పెట్టిన మేతకు ఈ వారం కాళ్లు తడబడవు. పైగా మన దేశంలో ఇంతవరకు ఒక్క బీఎస్‌ఈ కేసు కూడా నమోదు కాలేదు. కాబట్టి ‘పిచ్చి ఆవు జబ్బు’ అనుకుంటూ కూర్చుంటే అసలు జబ్బుకు వైద్యం చేసే సమయం చేజారిపోతుంది.

ఈని ఇరవై రోజులైన పాడి బర్రెలో ఈ లక్షణాలకు ముందుగా చూడాల్సింది కీటోసిస్. ఈనిన తర్వాత ఆరు వారాల లోపు, పాలు పెరిగే రోజుల్లో, ఒంట్లో శక్తి చాలక వస్తుంది. దాణా వదిలేసి ఎండుగడ్డి మాత్రం కొరుకుతుంది, ఊపిరిలోనూ పాలలోనూ తియ్యటి ఘాటు వాసన వస్తుంది, నరాల మీదికి ఎక్కితే తొట్టినీ గోడనూ నాకుతూ వణుకుతుంది. మూత్రంలో ముంచే పట్టీతో డాక్టరు అక్కడికక్కడే తేల్చేస్తారు. రెండోది భాస్వరం లోపం. మూత్రం కాఫీ రంగులోకి తిరిగిందేమో తెల్లవారుజామున ఒక తెల్ల గిన్నెలో పట్టి చూడండి. ఈనిన బర్రెల్లో ఇది మన దగ్గర అరుదేమీ కాదు, ఆలస్యమైతే రక్తహీనతతో పశువు పోతుంది. పాల జ్వరం సాధారణంగా ఈనిన మూడు రోజుల్లోపు వస్తుంది కాబట్టి ఇరవయ్యో రోజున దాని అవకాశం తక్కువ. వానాకాలం జోరీగలు ఎక్కువగా ఉన్న రోజులైతే సర్రా (ఆ ఈగలు మోసుకొచ్చే, రక్తంలో పెరిగే పరాన్నజీవి జబ్బు) కోసం రక్తం పూత చూడాలి. కొట్టంలో పాత బ్యాటరీ గానీ రంగు డబ్బా గానీ నాకే వీలుంటే సీసం విషం సంగతీ చెప్పండి.

రొయ్యల మేత వల్ల నిజంగా రాగలిగింది ఒకటుంది, అది బొట్యులిజం. తడిసి కుళ్లిన మేతలోనో, దానిలో చచ్చిన ఎలుక కళేబరం చుట్టూనో ఈ విషం పుడుతుంది. వెనక కాళ్ల నుంచి మొదలై చచ్చుబడటం ముందుకు వస్తుంది, నాలుక బయటికి లాగితే తిరిగి లోపలికి తీసుకునే బలం ఉండదు. జ్వరం ఉండదు. సంచుల్లో తడి ముద్దలు కనిపించాయా అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రేబిస్‌ను మాత్రం చివరికి నెట్టకూడదు. గత కొన్ని నెలల్లో ఆ బర్రెను కుక్క కరిచిందా అని ఇంట్లో అందరినీ, ముఖ్యంగా మేపడానికి తోలుకెళ్లేవాళ్లను అడగండి. చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే, గొంతు మారి బొంగురుగా అరుస్తుంటే, ఊరికే ముక్కుతుంటే అనుమానం గట్టిదే. ఇక్కడే చాలామంది ప్రాణం మీదికి తెచ్చుకుంటారు: గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. మీ బర్రె నోట్లో ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి. గొట్టంతో మందు పోయించకండి, మింగలేని పశువుకు పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చొంగ తగిలిన చేతుల మీద గీతలు, పుండ్లు ఉంటే పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ పశువు లక్షణాలు మొదలయ్యాక సాధారణంగా పది రోజుల్లోపే పోతుంది, బీఎస్‌ఈ పశువు వారాల నుంచి నెలల పాటు క్రమంగా దిగజారుతుంది. ఈ ఒక్క తేడా చాలాసార్లు దారి చూపిస్తుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం వస్తుంది, లేదంటే రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుడి ద్వారా డాక్టరును పిలిపించుకోండి.

పాల సంగతి. బీఎస్‌ఈ సోకిన ఆవు పాలలో కూడా రోగకారకం ఉన్నట్టు ఎక్కడా తేలలేదు, అందుకే అంతర్జాతీయ నిబంధనల్లో పాలు సురక్షితమైన వాటి జాబితాలో ఉన్నాయి. మీరు జాగ్రత్త పడాల్సింది రేబిస్ లాంటి వేరే జబ్బు అనుమానం ఉన్నంతవరకు. ఆ బర్రె పాలు తేలేదాకా పిల్లలకు ఇవ్వకండి, డెయిరీకి పోయకండి. మిగతా పశువుల పాలు బాగా కాచి వాడుకోండి.

ఇక మేత సంగతి. ఇది నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మ్యాడ్ కౌ కథంతా మేత సంచిలోనే ఉంది.

ఈ జబ్బును తెచ్చేది బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. పశువు మెదడులో మామూలుగా ఉండే ఒక ప్రోటీన్ వంకర తిరుగుతుంది. కాచిన పాలలో చెంచాడు తోడు వేస్తే గిన్నె మొత్తం పెరుగైనట్టు, ఆ వంకర ప్రోటీన్ తగిలిన మంచి ప్రోటీన్ కూడా వంకరవుతుంది. దానికి అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రుసినర్ 1982లో ప్రయాన్ అని పేరు పెట్టారు, ఆ పనికి 1997లో నోబెల్ వచ్చింది. పశువు శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు కాబట్టి జ్వరం రాదు, యాంటీబాడీలు పుట్టవు, వ్యాక్సిన్ లేదు. బతికున్న పశువుకు నమ్మదగిన పరీక్ష కూడా లేదు. చనిపోయాక మెదడు కాండంలో, వెన్నుపాము మొదలయ్యే చోట ఉన్న భాగాన్ని తీసి చూడాల్సిందే. మామూలు ఉడకబెట్టడానికి ఈ ప్రోటీన్ లొంగదు, ఫార్మలిన్‌కు నాశనం కాదు. కళేబరాల పొడి తయారీకి యూరప్ పెట్టిన ప్రమాణం 133 డిగ్రీల సెల్సియస్, 3 బార్ల ఒత్తిడి, 20 నిమిషాలు, ముక్క పరిమాణం 50 మిల్లీమీటర్లకు మించకూడదు. అది కూడా ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తుడిచిపెట్టదు.

1984 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఒక పాడి ఆవు నడుం వంగి, బరువు తగ్గి, తల వణుకుతూ, అడుగు తడబడి, మరుసటి ఫిబ్రవరిలో చనిపోయింది. జబ్బును కొత్తదిగా గుర్తించింది 1986 నవంబరులో, వేబ్రిడ్జ్‌లోని కేంద్ర పశువైద్య ప్రయోగశాలలో. తర్వాత అక్కడి పరిశోధకుడు జాన్ వైల్‌స్మిత్ బృందం జబ్బు వచ్చిన మందలు తిరిగి ప్రశ్నలు వేసింది. టీకాలా, పురుగుమందులా, హార్మోన్లా, దిగుమతి పశువులా, గొర్రెలతో కలిసి మేయడమా? ఏదీ అన్ని మందలకూ సరిపోలేదు. అన్నిటిలోనూ కనిపించింది ఒక్కటే, మాంసం ఎముకల పొడి కలిసిన దాణా. పాడి మందలకే జబ్బు ఎక్కువగా రావడానికి కారణమూ అదే. పాడి దూడలకు చిన్నప్పటి నుంచే దాణా పెడతారు, మాంసం కోసం పెంచే దూడలు తల్లి పాలూ గడ్డీ మీద పెరుగుతాయి. జబ్బు సోకిన పశువుల్లో ఎక్కువ భాగం పుట్టిన మొదటి ఏడాదిలోనే ఆ దాణా తిన్నవి.

అంటువ్యాధి అయితే ఒక కొట్టంలో ఒకదాని తర్వాత ఒకటి పడిపోవాలి. అలా జరగలేదు. బ్రిటన్ పాడి మందల్లో సగానికి పైగా కనీసం ఒక్క కేసైనా చూశాయి, కానీ చాలా మందల్లో ఒకటి రెండు పశువులతోనే ఆగిపోయింది. పక్కపక్కన కట్టేసినా, ఒకే తొట్టిలో నీళ్లు తాగినా రాలేదు. మూలం ఎక్కడన్నది ఇప్పటికీ వాదనే: గొర్రెల్లో వచ్చే ఇలాంటి జబ్బే అయిన స్క్రేపీ నుంచి దూకిందని కొందరు, ఏదో ఒక ఆవులో తనంతట తానే పుట్టిందని కొందరు. వ్యాపించిన దారి మీద మాత్రం వాదన లేదు. చచ్చిన ఆవును పొడి చేసి బతికున్న ఆవుకు పెట్టారు, అందులోంచి జబ్బుపడ్డదాన్ని మళ్లీ పొడి చేశారు. ఆ రోజుల్లోనే పొడి తయారీలో కొవ్వును ద్రావకంతో తీసే దశను చాలా కర్మాగారాలు మానేయడం కూడా దోహదం చేసిందని భావిస్తారు.

1988 జులై 18 నుంచి పశువులకు, గొర్రెలకు ఆ పొడి పెట్టడాన్ని బ్రిటన్ నిషేధించింది. కేసులు మాత్రం పెరుగుతూనే పోయి, 1992లో ఒక్క ఏడాదే 37,280కి చేరాయి. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు, నిషేధానికి ముందు తిన్న దూడలు నాలుగేళ్ల తర్వాత జబ్బుపడుతున్నాయంతే. అసలు దెబ్బ వేరే చోట తగిలింది. నిషేధం తర్వాత పుట్టిన పశువులకు కూడా జబ్బు వచ్చింది, అదీ నలభై వేలకు పైగా.

ఎందుకంటే నిషేధం ఆవుల మేతకే. పందులకు, కోళ్లకు ఆ పొడి కలపడం సాగింది. ఒకే మిల్లులో, అదే గ్రైండరు, అదే మిక్సరు, అదే ఎలివేటరు. ఉదయం పందుల మేత, మధ్యాహ్నం ఆవుల దాణా. మొదట్లో దక్షిణ ఇంగ్లండ్‌లో ఎక్కువగా ఉన్న జబ్బు, నిషేధం తర్వాత పుట్టిన పశువుల్లో చూస్తే తూర్పు, ఉత్తర ప్రాంతాలకు జరిగింది, అంటే పందులూ కోళ్లూ ఎక్కువగా పెంచే చోట్లకు. మిల్లులోని మిగులే కారణమని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన పటం అక్కర్లేదు. ఆ మిగులు ఎంత ఉంటే ప్రమాదమో తర్వాత ప్రయోగాల్లో తేలింది. జబ్బు పశువు మెదడు 1 గ్రాము దూడకు తినిపిస్తే సోకింది. 1 మిల్లీగ్రాము ఇచ్చిన దూడల్లో కూడా ఒకదానికి సోకింది.

1996 మార్చి 20న, మనుషుల్లో కనిపించిన కొత్త రకం క్రూట్జ్‌ఫెల్ట్ జాకబ్ జబ్బుకు (ప్రాణం తీసే మెదడు జబ్బు) బీఎస్‌ఈతో సంబంధం ఉండొచ్చని బ్రిటన్ ఆరోగ్య మంత్రి పార్లమెంటులో చెప్పారు. బ్రిటన్‌లో ఆ జబ్బుతో 178 మంది పోయారు. ఆ ఏడాదే క్షీరదాల మాంసం ఎముకల పొడిని ఏ పెంపుడు పశువుకూ, కోడికీ, చివరికి చేపకూ పెట్టకుండా పూర్తిగా ఆపేశారు, మిల్లుల్లో నిల్వ ఉంచుకోవడం కూడా నేరం చేశారు. 30 నెలలు దాటిన పశువును ఆహారంలోకి రానివ్వలేదు. 2001 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం అలాంటి నిషేధమే పెట్టింది. బ్రిటన్‌లో 2012 నాటికి కేసులు మూడుకు పడిపోయాయి. మందు లేదు, టీకా లేదు, జబ్బును ఆపింది మేత సంచి మీద పెట్టిన కాపలా ఒక్కటే.

నెల్లూరు తీరానికి ఈ చరిత్ర ఎందుకు పనికొస్తుందో మీరే చూడండి. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు చెరువూ కొట్టమూ పక్కపక్కనే ఉంటాయి. రొయ్యల మేత, చేపల మేత, కోళ్ల దాణా, పశువుల దాణా ఒకే షెడ్డులో, ఒకే ట్రాలీలో తిరుగుతాయి. అన్నిటికన్నా ఎవరూ పట్టించుకోనిది ఖాళీ సంచి. రొయ్యల మేత వచ్చే 25 కిలోల ప్లాస్టిక్ సంచి గట్టిగా ఉంటుంది కాబట్టి మన ఇళ్లలో తవుడుకీ చెక్కకీ వాడతారు. ఒకసారి ఆ సంచిని తిరగేసి, కింది కుట్టు మూలల్ని నేల మీద తట్టి చూడండి. గోధుమ రంగు పొడి గుప్పెడు రాలుతుంది. కడిగినా కుట్టు మడతలో ఉండిపోతుంది. ఆ పొడి ఏ జంతువుదో, దానికి ఏం జబ్బుందో మీకు చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు మన దేశంలో బీఎస్‌ఈ లేదు కదా, మరి ప్రమాదమేమిటంటే: లేదు కాబట్టే రానివ్వకూడదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో భారతదేశాన్ని బీఎస్‌ఈ ప్రమాదం నామమాత్రంగా ఉన్న దేశాల్లో చేర్చింది. మన పశువులు గడ్డీ చెక్కా తవుడూ తిని బతుకుతాయి అన్నదే దానికి పెద్ద బలం. ముసలి ఆవుల్లో మేతతో నిమిత్తం లేకుండా అరుదుగా తనంతట తానే పుట్టే అసాధారణ రకం కూడా ఉంది, అది ఏ దేశంలోనైనా కనిపించవచ్చు. అలాంటి ఒక్క పశువు కళేబరం పొడిగా మారి దాణాలో చేరిందంటే బ్రిటన్ గొలుసు మళ్లీ మొదలవుతుంది. స్క్రేపీ కూడా మనకు పూర్తిగా కొత్తది కాదు, 1961లో కుమావూ కొండల గొర్రెల్లో గుర్తించినట్టు రికార్డుంది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. ఆవు, గేదె, పంది శరీర భాగాల నుంచి తీసిన మాంసం పొడి, ఎముకల పొడి, రక్తం పొడి, లోపలి అవయవాలు కలిసిన మేతను పాడి పశువులకు పెట్టకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 జనవరిలో ఆదేశించింది. పాలు, పాల పదార్థాలకే మినహాయింపు. రొయ్యలకు ఆ మేత చట్టబద్ధమే కావచ్చు, అదే సంచి మీ బర్రె తొట్టిలోకి వస్తే కాదు. చేపల పొడి మాత్రమే ఉన్న మేతైనా పెట్టొద్దనే చెబుతాను. చేపల పొడిలో చవక ఎముకల పొడి కలిపి అమ్మే కల్తీని ఇంట్లో పసిగట్టే పరీక్ష ఏదీ లేదు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద ఎముక రేణువులు వెతికే పద్ధతి ఉంది, అది కూడా దాదాపు 0.1 శాతం వరకే పట్టుకోగలదు. యాభై కిలోల సంచిలో అది 50 గ్రాములు.

మీరు దాణా మరపట్టించుకునే మిల్లులో కోళ్లకో చేపలకో కూడా ఆడిస్తుంటే వీలైనంతవరకు మరో మిల్లు చూసుకోండి. వేరే దారి లేకపోతే పొద్దున మొదటి వాయి మీ దాణాదే అయ్యేలా మాట్లాడుకోండి. ముందు మిక్సరు రెక్కల అడుగు, ఎలివేటరు కింది గొయ్యి, స్క్రూ చివర చీపురుతో ఊడిపించండి, నీళ్లు కొట్టించకండి, తడిస్తే పేరుకుపోతుంది. తర్వాత మిక్సరు పట్టే బరువులో 5 నుంచి 10 శాతం తవుడు మాత్రమే వేసి తిప్పించి, ఆ తవుడు కోళ్లకు పంపించేయండి. 500 కిలోల మిక్సరుకు 25 నుంచి 50 కిలోలు. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప లేకుండా చేయదు, బ్రిటన్ మిల్లులు నేర్పింది అదే. దూడల దాణా మాత్రం అలాంటి మిల్లులో అసలు ఆడించొద్దు, ఎక్కువ ప్రమాదం వాటికే. కొట్టంలో కొలిచే డబ్బా, బకెట్టు, గోనె సంచులు పశువులవి వేరుగా పెట్టుకోండి. కొబ్బరి చెట్లకీ పూల మొక్కలకీ వాడే ఎముకల ఎరువు సంచి కొట్టం చూరు కింద ఉంచకండి, చిరిగితే దూడలు నాకుతాయి.

ప్రోటీన్ కోసమే కదా రొయ్యల మేత కలిపింది. మీ నాలుగు సంచులు 100 కిలోలు, అందులో ప్రోటీన్ దాదాపు 35 కిలోలు. 85 కిలోల వేరుశనగ చెక్క అంతే ఇస్తుంది. 100 కిలోల దాణాకు మొక్కజొన్న 35, వేరుశనగ చెక్క 20, పత్తి చెక్క 12, తవుడు 15, నూనె తీసిన తవుడు 15, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో కలిపితే ప్రోటీన్ దాదాపు 18 శాతం వస్తుంది. బర్రెకు ఒంటి పోషణకు కిలోన్నర, ఆ పైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో లెక్కన పెట్టండి, సంకర ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు ఒక కిలో. వేరుశనగ చెక్కకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి దిగుతుంది, విరిస్తే లోపల పచ్చటి మరక ఉన్న చెక్క వెనక్కి ఇచ్చేయండి. మీ వైపు వరి కోశాక పిల్లిపెసర చల్లుకునే వీలుంటే దాణా ఖర్చు బాగా తగ్గుతుంది. ప్రకాశం వైపు సుబాబుల్ ఆకు దండిగా దొరుకుతుంది, మేతలో మూడో వంతు దాటించకండి, అందులోని మైమోసిన్ వెంట్రుకలు రాలగొడుతుంది. ఎండు వరిగడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియా 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డికే బలం వస్తుంది. తీసి గంటసేపు ఆరబెట్టాకే పెట్టాలి, ఆరు నెలల లోపు దూడలకు వద్దు.

ఎముకల మాట వచ్చింది కాబట్టి మెట్ట ప్రాంతం వాళ్ల కోసం ఒక మాట. కనిగిరి, పొదిలి వైపు ఎండాకాలంలో ఆవులు బీట్లో పడి ఉన్న ఎముకలు నములుతుంటాయి. అది భాస్వరం లోపం. ‘ఎముక తింటోంది కాబట్టి మ్యాడ్ కౌ వస్తుంది’ అని కంగారు పడక్కర్లేదు, దానివల్ల వచ్చే అసలు ముప్పు బొట్యులిజమే. రోజుకు పెద్ద పశువుకు 50 గ్రాములు, దూడకు 20 నుంచి 25 గ్రాములు ఖనిజ లవణ మిశ్రమం పెడితే అలవాటు తగ్గుతుంది. అందులో వాడే డైకాల్షియం ఫాస్ఫేట్ ఎముకల నుంచి తీసినదైనా ప్రోటీన్, కొవ్వు లేకుండా శుద్ధి చేసి ఉంటే బీఎస్‌ఈ పరంగా సురక్షితమే. కానీ పచ్చి ఎముకల పొడి కలిపిన మిశ్రమం కొనొద్దు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే అడగండి. కనిగిరి వైపు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ, ఫ్లోరిన్ తీయని రాతి ఫాస్ఫేట్ కలిపిన చవక మిశ్రమం తింటే ఆ పశువులు కీళ్లు పట్టేసి కుంటుతాయి. ఆ కుంటును చూసి కూడా కొందరు మ్యాడ్ కౌ అంటున్నారు. వానలకు మళ్లీ చిగురేసిన లేత జొన్న నాము తిని గిలగిలా కొట్టుకుని నిమిషాల్లో పడిపోయేది కూడా వేరే, అది సైనైడ్ విషం.

మరి నిజంగా బీఎస్‌ఈ ఎలా ఉంటుంది? నాలుగు నుంచి ఆరేళ్ల ఆవు, జ్వరం లేదు, మేత తింటూనే ఉంటుంది, అయినా చిక్కిపోతుంది. తలుపు చప్పుడైనా, చెయ్యి తగిలినా ఉలిక్కిపడుతుంది. ఇన్నాళ్లు నిలబడి పాలిచ్చింది పొదుగు ముట్టుకోగానే తంతుంది. గడప దాటడానికీ, కాలువ గట్టు ఎక్కడానికీ వెనకాడుతుంది, వెనక కాళ్లు ఎడంగా పెట్టి అవసరానికి మించి ఎత్తి వేస్తుంది, మలుపు తిరిగేటప్పుడు పడుతుంది. రెండు వారాల నుంచి ఆరు నెలల్లో లేవలేని స్థితికి వస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, గ్లూకోజు ఎక్కించినా మార్పు లేకుండా ఇలా దిగజారుతున్న పెద్ద పశువు ఉంటే దాచకండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టంలో బీఎస్‌ఈ తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు. గ్రామ అధికారికో పంచాయతీకో డాక్టరుకో చెప్పడం యజమాని బాధ్యత. ఆ పశువును సంతకు తోలకూడదు, కోతకు అమ్మకూడదు, చనిపోతే తల కోయించకూడదు. మెదడు నమూనా డాక్టరు తీస్తారు, కొంత ఫార్మలిన్‌లో, కొంత మంచులో భోపాల్‌లోని అధిక భద్రతా ప్రయోగశాలకు పంపుతారు. రేబిస్ పరీక్ష కూడా ముందు జరగాల్సిందే.

కేసు రుజువైన దేశాల్లో చేసేది కూడా మేత లెక్కే. ఊరంతటికీ టీకాలు వేయరు, కొట్టమంతా కాల్చేయరు. ఆ పశువు పుట్టిన ఏడాదికి అటూ ఇటూ అదే మందలో పుట్టి, మొదటి ఏడాది అదే దాణా తిని పెరిగిన పశువుల్ని వెతికి పట్టుకుని నాశనం చేస్తారు. కోతకు వెళ్లే మంచి పశువుల్లోంచి కూడా మెదడు, కళ్లు, వెన్నుపాము, టాన్సిళ్లు, చిన్న పేగు చివరి భాగం తీసి వేరుగా కాల్చేస్తారు. ఎందుకంటే రోగకారకం గుట్టుగా చేరేది వాటిలోనే. చచ్చిన పశువును మనం ఊరి బయట పడేయడం ఈ లెక్కలో కూడా తప్పే. అక్కడి నుంచి ఎముకలు ఏరుకెళ్లేవాళ్ల చేతుల మీదుగా పొడి మిల్లులకు చేరతాయి, కుక్కలు పెరిగి రేబిస్ పెరుగుతుంది. బావులకూ కాలువలకూ దూరంగా, ఆరు అడుగులకు తగ్గని గొయ్యిలో పూడ్చండి.

ఒంగోలు జాతికి రాదన్నది నిజం కాదు. బ్రిటన్‌లో ఎక్కువగా చచ్చినవి హోల్‌స్టీన్ ఫ్రీజియన్లు అన్నది నిజమే, అవి దాణా ఎక్కువ తినడం వల్ల. ఒంగోలు గిత్తను ఇప్పటివరకు కాపాడింది దాని రక్తం కాదు, అది తినే జొన్న చొప్ప. గేదెల విషయంలోనూ అదే నియమం పాటించండి.

మీ దగ్గర మిగిలిన సంచులు కొట్టంలోంచి ఇవాళే తీసేసి, తడవనివి చెరువు వాళ్లకే తిరిగి ఇచ్చేయండి, బూజు పట్టినవి గొయ్యి తీసి పూడ్చండి. తొట్టి ఊడ్చి, ఆ చెత్త దూడల దొడ్లో పడకుండా చూసుకోండి. ఇప్పటికే వారం తిన్న పశువుల్ని అమ్మేయాల్సిన అవసరమేమీ లేదు, వాటికి పరీక్షా లేదు, మందూ అక్కర్లేదు. ఏ పశువుకు ఏ సంచి, ఏ తేదీల్లో పెట్టారో, సంచి మీది బ్యాచ్ నంబరుతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ బర్రెను చూసి డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి, మూత్రం రంగూ, నాలుక బిగువూ, కుక్క కాటు సంగతీ కలిపి.